పచ్చంటే ఏ పచ్చ

రంగుల మేస్త్రి ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని చూడడు, వెలుతురు ఎటునుంచి వస్తోందో చూస్తాడు. కూర్చోమంటే కూర్చోడు. గది నడిమధ్యన నిలబడి, ఇల్లు కొనడానికి వచ్చిన ఆసామిలా నాలుగు వైపులా తల తిప్పుతాడు. "కాస్త మనుషుల మొహం చూసి పలకరించడం నేర్చుకో. గోడలు నిన్ను మళ్లీ పనికి పిలవవు" అని భార్య ఎన్నోసార్లు దెప్పింది. వింటే కదా.

ఆ ఇంట్లోనూ అంతే చేశాడు. వీధి వైపు గదిలో అడుగుపెడుతూనే కిటికీ చూశాడు. తూర్పు కిటికీ, వెడల్పాటిది. పొద్దుటి ఎండ అందులోంచి వచ్చి ఎదురు గోడ మీద చాప పరిచినట్టు పడి ఉంది. ఏళ్ల తరబడి వెల్ల వేసి వేసి దళసరిగా తయారైన గోడ అది. ఎండ పడినంత మేరా మీగడ రంగుకి తిరిగింది, మధ్యలో అంతకన్నా పచ్చగా ఉంది. కిటికీ చువ్వల నీడలు దాన్ని నిలువునా చీల్చాయి. ఆ ఎండ కింద మంచం ఉందనీ, మంచం మీద ఒక మనిషి ఉందనీ ఆ తర్వాత గమనించాడు.

"మా అక్కయ్య. పక్షవాతం," అన్నాడు ఇంటాయన. "కుడివైపు పడిపోయింది. మాట కూడా పోయింది. ఒకటో రెండో ముక్కలు వస్తాయి గానీ వాటికి సందర్భం ఉండదు."

సందర్భం లేదన్న మాట ఆవిడ ఎదుటే అన్నాడు. ఆవిడ మేస్త్రిని చూసింది. యాభై కూడా ఉండవు. మొహంలో ఎడమ సగం మామూలుగా ఉంది, కుడి సగం మాత్రం నిద్రపోతోంది. కిటికీ కింద గచ్చు మీద నాలుగు గుంటలు కనిపించాయి. బరువైన ఇనుప కాళ్లు చాలాకాలం ఒకేచోట నిలబడితే పడే గుంటలు. ఇక్కడ కుట్టుమిషను ఉండేదన్నమాట అనుకున్నాడు మేస్త్రి.

ఇంటాయన పని వివరించాడు. శుక్రవారం జిరాక్సు మిషను వస్తోంది. వీధి గది దుకాణం అవుతుంది. అక్కయ్య మంచం వెనక గదిలోకి మారుతుంది. వెనక గదికి రంగు వేయాలి. దుకాణానికి బోర్డు కూడా రాయాలి, పసుపు మీద ఎర్రటి అక్షరాలు, వీధి చివరి నుంచే కనపడాలి.

వెనక గది చూడటానికి వెళ్లారు. రెండు గదులకీ మధ్య ఒక్కటే తలుపు. లోపల అడుగుపెట్టగానే ఇంటాయన చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి వెళ్లింది. ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. పైకప్పుకి ఆనుకుని ఒక చిన్న వెంటిలేటరు, దానికి ఎదురుగా పక్కింటి గోడ. ఒక మూల దుప్పటి కప్పిన కుట్టుమిషను నిలబడి ఉంది.

ఇంటావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. చేతిలో ఉన్న తువ్వాలు అంచు మెలిపెడుతూ, "వదిన ఇందులో ఎలా ఉంటుందండీ? పట్టపగలు కూడా తడుముకోవాలి," అంది. మొగుణ్ణి అడిగినట్టు లేదు, ఎవరో ఒకరు జవాబు చెబితే బాగుండునని అన్నట్టుంది.

సరిగ్గా అక్కడ మేస్త్రి నోరు ఊరుకోలేదు. పాతికేళ్లుగా గోడల మీద బతికినవాడు, చీకటి గదిని చూస్తే కుస్తీకి రమ్మన్నట్టే ఉంటుంది అతనికి.

"చీకటిగా ఉండటం గది తప్పు కాదమ్మా, రంగు తప్పు," అన్నాడు. "సరైన రంగు పడనివ్వండి. ఈ గదికి కిటికీ లేదన్న సంగతే మర్చిపోతారు."

"విన్నావా? మేస్త్రి చెప్తున్నాడు," అన్నాడు ఇంటాయన. భుజాల మీంచి బస్తా దించినట్టు అతని మొహం తేలికపడింది. ఇంటావిడ తువ్వాలు వదిలేసింది. మెలి దానంతటదే విడిపోయింది.

తిరిగి వీధి గదిలోకి వచ్చి ఇంటాయన మంచం మీదికి వంగాడు. వినపడనివాళ్లతో మాట్లాడినట్టు గొంతు పెంచి, "అక్కా, నీ గదికి ఏ రంగు వెయ్యమంటావు?" అని అడిగాడు. వినికిడి పోలేదని అతనికి తెలియదా అంటే తెలుసు. అయినా అందరూ ఆవిడతో అలాగే మాట్లాడతారు.

అక్కయ్య తమ్ముణ్ణి చూసింది. కళ్లు పైకెత్తి గోడని చూసింది. ఎడమ చెయ్యి కొద్దిగా లేచింది. పెదాలు కాసేపు ఊరికే కదిలాయి.

"పచ్చ," అంది. మళ్లీ కష్టపడి, "పచ్చ."

"చూశారా? రంగు అడిగితే రంగే చెప్పింది," అన్నాడు ఇంటాయన సంబరంగా.

బయటికి వస్తూ మేస్త్రి అడిగాడు. "పచ్చంటే ఏ పచ్చ సార్? ఆకుపచ్చా, పసుప్పచ్చా?"

ఇంటాయన ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆకుపచ్చే అయ్యుంటుంది. ఆస్పత్రుల్లో తెరలన్నీ అదే కదా. కళ్లకి చల్లగా ఉంటుంది."

ఇంటావిడ ఏదో అనబోయి నోరు తెరిచింది. అనకుండానే మూసేసింది.

మర్నాడు మేస్త్రి పనిలో దిగాడు. వెనక గది గోడలు గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చాయి. పగుళ్లకి లప్పం పట్టించాడు, ఆరాక గరుకు కాగితంతో రుద్దాడు. మొహమంతా తెల్లదుమ్ము. అరచేత్తో గోడ తడిమి, ఎక్కడ ఎత్తు తగిలితే అక్కడ మళ్లీ రుద్దాడు. ఈ పనికి అతను కళ్లని నమ్మడు, చేతినే నమ్ముతాడు. రంగు మాత్రం పెరట్లో కూర్చుని కలిపాడు. తెలుపులోకి ఆకుపచ్చ ఒక్కో చుక్కా వదిలి, కర్రతో తిప్పి, అట్టముక్క మీద రాసి ఎండలో పెట్టి చూసుకున్నాడు. లేత చిగురులా వచ్చింది. ఎంత ముచ్చటేసిందంటే, అట్టని లోపలికి తీసుకెళ్లి ట్యూబులైటు కింద చూడాలన్న సంగతే మర్చిపోయాడు. పని కొత్తగా నేర్చుకునే కుర్రాడు చేస్తే చెవి మెలిపెట్టేంత పొరపాటు అది.

రెండో కోటింగు ఆరిన సాయంత్రం అక్కయ్యని మంచంతో సహా వెనక గదిలోకి మోశారు. ఒక కొస ఇంటాయన, ఒక కొస మేస్త్రి. మంచం దించి ఇద్దరూ నడుము నిటారు చేసుకుని చూశారు.

నాలుగు గోడల ఆకుపచ్చా ట్యూబులైటు తెల్లదనంలో కలిసి ఆవిడ మొహం మీదికి వచ్చింది. పెదాలు సిరా రంగులో ఉన్నాయి. కళ్ల కింద గుంటలు ఇంత లోతుగా ఉన్నాయని వీధి గదిలో ఎవరికీ తెలియలేదు. బతికున్న మనిషిని తన చేతులతో శవం రంగుకి దింపాడు.

ఇంటివాళ్ల పాప పుస్తకం పట్టుకుని వచ్చింది. రోజూ సాయంత్రం అత్త మంచం పట్టె మీద కూర్చుని రాసుకోవడం దానికి అలవాటు. గుమ్మం దగ్గరే ఆగింది.

"అమ్మా, అత్తకి ఏమైంది?"

"ఏం కాలేదు. వెళ్లి కూర్చో."

"నేను వంటింట్లో రాసుకుంటాను," అని పాప వెనక్కి తిరిగింది.

ఇంటావిడ స్పూనుతో నీళ్లు పడుతూ తన ముంజేయి చూసుకుంది. అది కూడా పాలిపోయి కనపడింది. కొంగు లాగి చెయ్యి కప్పుకుంది.

అక్కయ్య గోడల్ని ఒక్కొక్కటే చూసింది. "కాదు," అంది. కాసేపు పెదాలు వెతుక్కుని, "పచ్చ." మళ్లీ, "కాదు."

"పచ్చే కదక్కా వేశాం," అన్నాడు ఇంటాయన. ఆ గొంతులో విసుగు ఉంది, విసుగు కింద ఇంకేదో కూడా ఉంది. అదేమిటో మేస్త్రికి అప్పుడు తెలియలేదు.

ఇంటికి వెళ్లాక మేస్త్రి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడు. "ఇవాళ గోడలకి పోగా మిగిలిన లప్పం నోట్లో పెట్టుకొచ్చావా?" అంది భార్య. అప్పుడు చెప్పాడు జరిగింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఆకుపచ్చ కావాలంటే ఆకుపచ్చ అనే అంటారు. వట్టి పచ్చంటే పసుపే," అంది ఆవిడ.

"మరి పచ్చటి చెట్టు అంటారుగా?"

"పచ్చటి చెట్టు అంటారు, పచ్చకామెర్లు అంటారు. చెట్టుకి కామెర్లొచ్చాయనా?" అంది. "నిన్ను కాదు, ఆ మాట పుట్టించినవాణ్ణి అనాలి."

ఇద్దరూ నవ్వారు. మేస్త్రి మనసు కుదుటపడింది. పొరపాటు పచ్చలో ఉందిగానీ తనలో లేదనుకున్నాడు. పసుపు వేస్తే సరిపోతుంది.

పొద్దున్నే వెళ్లి ఇంటాయనతో మళ్లీ వేస్తానన్నాడు. రంగు తన దగ్గరే మిగిలి ఉందన్నాడు. ఇంటాయన కాదనలేదు. వాసన పడదని అక్కయ్య మంచాన్ని తిరిగి వీధి గదిలోకి, పాత చోటికే మోశారు. ఆకుపచ్చ పైకి తేలకుండా మేస్త్రి ముందు తెల్ల ప్రైమరు పట్టించి, అది ఆరేలోగా రంగు కలపడానికి వీధి గదిలోనే నేల మీద కూర్చున్నాడు. ఈసారి పెరట్లో కాదు. ఆవిడ ఏ పచ్చ కోరుకుందో ఆవిడ ఎదుటే కలపాలనుకున్నాడు.

ఎండ అప్పటికే గోడ మీదికి వచ్చింది. మేస్త్రి అట్ట మీద పసుపు రాసి ఆ ఎండ పక్కన పెట్టి చూశాడు. ముదిరింది. తెలుపు కలిపాడు. పాలిపోయింది. ఇంత కావి చుక్క వేశాడు. దగ్గరికి వచ్చింది. తీరా పోల్చి చూద్దామంటే ఎండ జానెడు కిందికి జారింది, రంగు కూడా మారింది. మళ్లీ కలిపాడు. ఎండ మళ్లీ జారింది. గోడ మీంచి దుప్పటి మీదికి, దుప్పటి మీంచి ఆవిడ ఎడమ చేతి మీదికి వచ్చింది. ఆవిడ ఆ చేతిని మెల్లగా తిప్పి, మొదట చేతి వెనక వైపు, తర్వాత అరచెయ్యి ఎండకి పెట్టింది. గోళ్ల చుట్టూ వెలుగు ఎర్రగా కనిపించింది. నిన్న సాయంత్రం సిరా రంగులో ఉన్న మనిషి ఈవిడేనా అనిపించింది మేస్త్రికి.

అతని అవస్థ చూసి ఆవిడ మొహంలో ఎడమ సగం నవ్వింది.

"పచ్చ," అంది.

"దొరికిందమ్మా, దొరికింది. ఇదే పచ్చ," అన్నాడు మేస్త్రి అట్ట ఊపుతూ.

గురువారం సాయంత్రానికి వెనక గది పసుప్పచ్చగా తయారైంది. ఈసారి మేస్త్రి పండగ చేసుకోలేదు. ముందే ట్యూబులైటు వేసి చూశాడు. పొద్దున అట్ట మీద మీగడలా ఉన్న రంగు ఇక్కడ పాత కాగితంలా ఉంది. తప్పు లేదు, ఆకుపచ్చ కన్నా నయం. మొహాలు మొహాల్లా ఉన్నాయి. ఇంటాయన "బాగుంది" అన్నాడు. మంచం మళ్లీ మోశారు, ఇదే ఆఖరన్నాడు. అని అక్కడ ఆగకుండా వెళ్లిపోయాడు.

అక్కయ్య గోడల్ని చూసింది. మేస్త్రి పక్కన నిలబడి, పరీక్ష పేపరు దిద్దుతుంటే చూస్తున్నవాడిలా ఆవిడ పెదాల వంక చూశాడు. కాదు అనలేదు. ఎడమ చెయ్యి ఎత్తింది. కొత్త గోడ వైపు కాదు, తలుపు వైపు. తలుపు అవతల వీధి గది, ఆ గదిలో ఖాళీ గోడ.

"పచ్చ," అంది.

మేస్త్రి గుమ్మంలోంచి తల బయటపెట్టి చూశాడు. సాయంత్రం కదా, ఆ గోడ మీద ఏమీ లేదు. ఏమీ లేకపోబట్టే అర్థమైంది. ఆవిడ ఒక్కసారి కూడా రంగు అడగలేదు. ఏ రంగు వెయ్యమంటావని అడిగినప్పుడు గోడ మీద ఎండని చూపించింది. ఉన్న చోటే ఉంచమంది. ఉన్న ఒక్క ముక్కతో అంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

ఇంటావిడ దుప్పటి మడతపెడుతూ అక్కడే ఉంది.

"అమ్మా, ఆవిడ రంగు చెప్పట్లేదు," అన్నాడు మేస్త్రి.

"తెలుసు," అంది ఇంటావిడ.

మడత కొసలు కలిపి, గడ్డం కింద దుప్పటి నొక్కిపెట్టి, మిగతా సగం పైకి లాక్కుంది. "జబ్బు చేసినప్పటి నుంచీ అంతే. పొద్దున ఎండ గోడ మీదికి రాగానే పచ్చ అంటుంది. రోజూ అంటుంది. మా పాప కూడా పచ్చొచ్చింది అత్తా అని అరుస్తుంది."

"మరి ఆ రోజు చెప్పలేదేమ్మా?"

"చెబుదామనే నోరు తెరిచాను." దుప్పటి మంచం కాళ్ల దగ్గర పెట్టి, దాని మీద అరచెయ్యి రాసింది. "మీరే అన్నారుగా, సరైన రంగు పడితే కిటికీ లేదన్న సంగతే మర్చిపోతారని. అబద్ధమైనా ఆ మాట నాకు కావాల్సొచ్చింది మేస్త్రీ."

"సార్‌కి?"

"ఆయనకి తెలియదనుకుంటున్నారా?" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

మేస్త్రి ఊరుకోలేకపోయాడు. వీధి గదిలో ఇంటాయన బోర్డుకి కొలత తీస్తున్నాడు. కిటికీ ఈ కొస నుంచి ఆ కొసకి టేపు పరిచాడు.

"బోర్డు కిటికీ మీదికే వస్తుందా సార్?"

"వస్తుంది. ఎండ తగిలితే కాగితాలు పచ్చబడతాయట. మిషను వాళ్లు చెప్పారు."

"కిటికీ మూసేయడమే అయితే, అక్కయ్యగారు ఇక్కడే..."

"ఇక్కడే ఉంటే మిషను ఎక్కడ పెట్టను? వెనక గదిలో పెట్టి, వచ్చినవాళ్లని మంచం దాటుకుని రమ్మననా?" టేపు చుట్టుకుపోయి అతని వేలికి తగిలింది. వేలు నోట్లో పెట్టుకుని తీసి, మెల్లగా అన్నాడు. "ఆ మిషను ఆడితేనే మా అక్కకి మందులు. ఈ కిటికీ కింద కూర్చుని బట్టలు కుట్టి నన్ను చదివించిందావిడ. ఎండ ఎవరిదో నాకు మీరు చెప్పాలా మేస్త్రీ?"

అతను మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆకుపచ్చ గదిలో విసుగు కింద వినిపించిందేమిటో మేస్త్రికి ఇప్పుడు తెలిసింది. అది సిగ్గు. దానికి ఏ రంగూ పట్టదు, ఎన్ని కోటింగులు వేసినా పైకి తేలుతుంది. తన సిగ్గు సంగతి సరేసరి. ఎవరూ అడగకుండా ఒక మాట ఇచ్చాడు, ఆ మాటని పట్టుకుని ఒక ఇల్లు మొత్తం గట్టున పడింది, ఒక్క మనిషి తప్ప.

శుక్రవారం మిషను వచ్చింది. మేస్త్రి రాత్రే రాసి ఆరబెట్టిన బోర్డు తెచ్చి నిచ్చెనెక్కాడు. పచ్చటి బోర్డు, ఎర్రటి అక్షరాలు. నిజంగానే వీధి చివరికి కనిపిస్తుంది. లోపల మిషను వాళ్లు తీగలు కలుపుతున్నారు, ఇంటాయన వాళ్లతో ఉన్నాడు. మేస్త్రి బోర్డుని కిటికీ మీద ఆనించి చూశాడు. గది ఒక్కసారిగా మసకబారింది. పెన్సిలుతో పెట్టుకున్న గుర్తులకి జానెడు కిందికి దించి మేకులు కొట్టాడు. కిటికీ పైభాగంలో జానెడు ఖాళీ మిగిలింది.

ఇంటాయన వీధిలోకి వచ్చి చూశాడు. "కాస్త కిందికి దిగినట్టుందే."

"పైన ఇనుప కడ్డీ అడ్డమొచ్చింది సార్. మేకు దిగట్లేదు," అన్నాడు మేస్త్రి. పనిలో అబద్ధం చెప్పడం అలవాటు లేక చెవులు వేడెక్కాయి.

ఇంటాయన బోర్డునీ ఆ ఖాళీనీ చాలాసేపు చూశాడు. "సరే, ఉండనీండి," అని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు నిచ్చెన తీసుకెళ్లాలన్న వంకతో మేస్త్రి పొద్దున్నే వచ్చాడు. దానికోసమే ముందురోజు కావాలని వదిలి వెళ్లాడు. దుకాణం తెరిచి ఉంది. ఇంటాయన కొత్త మిషను అద్దాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు. గదిలో వెలుతురు తక్కువ, లైటు వేశారు. కిటికీ నెత్తి మీది సందులోంచి ఎండ ఒక పట్టీలా వచ్చి, వెనక గది గుమ్మానికి పైన గోడ మీద పడి ఉంది. మేస్త్రి నిచ్చెన తీయకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. పట్టీ జారింది. గుమ్మం పైకొస దాటింది, తెరిచి ఉన్న తలుపులోంచి వెనక గదిలోకి దూరింది, నేల మీద పడింది.

మంచానికి మూరెడు ఇవతల.

ఇంకా కిందికి జారితే ఇటే వస్తుంది గానీ అటు వెళ్లదు. ఆ లెక్క మేస్త్రికి బాగా తెలుసు. మంచం మీద అక్కయ్య మెడ తిప్పి నేలనే చూస్తోంది. ఇచ్చినట్టే ఇచ్చి అందకుండా పెట్టాడు.

ఇంటావిడ చేతిలో గిన్నె కింద పెట్టింది. మంచం కాళ్ల వైపుకి వచ్చి, పట్టె రెండు చేతులా పట్టుకుని ఈడ్చింది. ఇనుప కాళ్లు గచ్చు మీద కీచుమన్నాయి. మూలనున్న కుట్టుమిషను అడ్డం వస్తే దాన్ని తొడతో నెట్టి, మళ్లీ ఈడ్చింది. ఎండ మంచం ఎక్కింది. దుప్పటి తొలగిన చోట అక్కయ్య పాదం మీద పడింది.

కుడి పాదం. అందులో స్పర్శ లేదు. వెచ్చదనం ఆవిడకి తెలియదు. తలని దిండు మీంచి కొద్దిగా ఎత్తి, వేరే ఎవరి పాదాన్నో చూసినట్టు, వెలుగుతున్న వేళ్లని చూసుకుంది.

"పచ్చ," అంది.

పాప వంటింట్లోంచి వచ్చి పుస్తకంతో మంచం పట్టె మీద కూర్చుంది.

వీధిలోంచి ఎవరో కాగితాల కట్ట పట్టుకుని దుకాణంలోకి వచ్చారు. వచ్చినాయన కళ్లు లోపలి మంచం మీదికి వెళ్లాయి. ఇంటాయన గబుక్కున వెనక్కి తిరిగి, "గిరాకీ వచ్చింది. ఆ తలుపు వెయ్యి," అన్నాడు.

ఇంటావిడ తలుపు రెక్క పట్టుకుంది. వెయ్యలేదు.

"ఆ ఎండ పోనివ్వండి. ఎంతసేపు ఉంటుంది కనక," అంది.

ఇంటాయన వచ్చినాయన చేతిలోంచి కాగితం తీసుకుని అద్దం మీద బోర్లించాడు గానీ మీట నొక్కలేదు. నలుగురూ ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. ఎండ పాదం దిగి, మంచం పట్టె దిగి, నేల మీదికి వచ్చింది. గడప ఎక్కి, దుకాణంలోకి వచ్చేసింది.

ఇంటావిడ తలుపు వేసింది. మిషను మీట పడింది, మూత కింద సన్నటి వెలుగు ఈ చివర నుంచి ఆ చివరికి పాకింది. మేస్త్రి నిచ్చెన భుజాన వేసుకున్నాడు. తలుపు అవతల ట్యూబులైటు స్విచ్చు చప్పుడు వినిపించింది.